పార్సిల్‌లో వచ్చిన కోడిపిల్లలు నాలుగో రోజే ఎందుకు చస్తాయి?

హ్యాచరీ నుంచి వంద పిల్లలను తెప్పించుకున్న ఇంట్లో మొదటి రెండు రోజులు సంబరమే. పెట్టె విప్పితే అన్నీ కీచుకీచుమంటూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటాయి. దారిలో ఒకటో రెండో పోయినా, చాలా హ్యాచరీలు వందకు రెండు ఎక్కువే వేస్తాయి కాబట్టి లెక్క సరిపోతుంది. మూడో రోజు పొద్దున రెండు మూడు చచ్చి కనబడతాయి. నాలుగో రోజు అంతకు రెట్టింపు. అప్పుడు ఫోన్లు మొదలవుతాయి. రోగమున్న పిల్లలను అంటగట్టారని ఒకరంటే, దాణాలో ఏదో తేడా ఉందని ఇంకొకరు అంటారు. దిష్టి తగిలిందనే మాట ఇంట్లో పెద్దవాళ్లది. మందుల షాపు నుంచి ఒక యాంటీబయోటిక్ పొడి వస్తుంది. ఆరేడు రోజులకు చావులు వాటంతటవే తగ్గుతాయి. పేరు మాత్రం ఆ పొడికి పోతుంది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెరటి కోళ్ల కోసం తెచ్చుకునే చిన్న లాట్లు దెబ్బతినే తీరు చాలాసార్లు ఇలాగే ఉంటుంది. రోగం అసలే ఉండదని కాదు, అనుకున్నంత ఉండదు. నాలుగో రోజు కనబడే చావుకు కారణం ఎక్కువగా పెట్టె దిగిన మొదటి రోజులోనే ఉంటుంది. కారణం ఒక రోజు, చావు ఇంకో రోజు కావడంతోనే ఈ అయోమయమంతా.

గుడ్డులో పిల్ల 21 రోజులు ఎదుగుతుంది. బయటికి రావడానికి ఒకటి రెండు రోజుల ముందు, మిగిలిన పచ్చసొననంతా బొడ్డు గుండా కడుపులోకి లాక్కుంటుంది. సుమారు 40 గ్రాములు తూగే పిల్లలో 5 గ్రాముల దాకా ఈ సొనే ఉంటుంది. అది దారికి కట్టిచ్చిన సద్ది లాంటిది. కొవ్వు, మాంసకృత్తులు, తల్లి నుంచి వచ్చిన రోగనిరోధక శక్తి అన్నీ అందులో ఉంటాయి. కోడి కింద గుడ్లన్నీ ఒకేసారి చిట్లవు. ముందు వచ్చిన పిల్ల, చివరి పిల్ల వచ్చేదాకా తల్లి రెక్కల కింద మేత లేకుండా ఆగగలగాలి. పక్షులకున్న ఈ ఆగే శక్తి మీదనే హ్యాచరీ వ్యాపారమంతా నిలబడింది. అమెరికాలో 1918 నుంచి ఒకరోజు కోడిపిల్లలను పోస్టులోనే పంపిస్తున్నారు, పుట్టిన 72 గంటల్లోపు చేరాలన్న లెక్క మీద. మన దగ్గర ఆ పని హ్యాచరీ వ్యాన్లు, డీసీఎంలు, బస్సు పార్సిళ్లు చేస్తున్నాయి.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. కడుపులో సొన ఉన్నన్నాళ్లూ తిన్న పిల్ల, తినని పిల్ల చూడ్డానికి ఒకేలా ఉంటాయి. రెండూ అరుస్తాయి, రెండూ పరుగెత్తుతాయి. నాలుగైదు రోజులకు సొన అయిపోతుంది. అప్పటికి మేత ఏదో, నీళ్లు ఎక్కడో తెలుసుకున్న పిల్ల నిలబడుతుంది. తెలుసుకోనిది రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని ఒక మూలన ముడుచుకుంటుంది. దాన్ని కోసి చూస్తే మెడ కింది మేత తిత్తిలోనూ పేగుల్లోనూ ఏమీ ఉండదు, లేదంటే పొట్టు, కాగితం ముక్కలు ఉంటాయి. ఇది ఆకలి చావు. దాణా బస్తా రెండడుగుల దూరంలోనే ఉన్నా సరే. నాలుగైదు రోజుల దగ్గర చావులు పెరిగి మళ్లీ తగ్గాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

హైదరాబాద్ నుంచి నల్లగొండకైనా మహబూబ్‌నగర్‌కైనా దూరం అటూఇటూ వంద కిలోమీటర్లే కదా, అంతలో ఏమవుతుందని అనిపిస్తుంది. పిల్ల వయసు బస్సెక్కిన దగ్గర నుంచి మొదలవదు. హ్యాచరీ మెషీన్‌లో ఒక ట్రేలోని గుడ్లన్నీ చిట్లడానికి ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర పడుతుంది. అందరికన్నా ముందు వచ్చిన పిల్లలు మెషీన్‌లోనే ఆరుతూ ఒక రోజు గడిపేస్తాయి. ఆ తరువాత ఏరడం, లెక్కపెట్టడం, మెడ దగ్గర మారెక్స్ అనే జబ్బుకు టీకా వేయడం, పెట్టెల్లో సర్దడం, రాత్రి బండి కోసం ఆగడం. దేవరకొండకో అచ్చంపేటకో పోవాల్సిన పెట్టె మధ్యలో ఇంకో బండి మారుతుంది, బస్టాండు పార్సిల్ గదిలో కాసేపు కూర్చుంటుంది. కాబట్టి ‘ఒకరోజు పిల్లలు’ అని బిల్లు మీద రాసి ఉన్న పెట్టెలో కొన్ని పిల్లలకు అప్పటికే రెండు రోజులు దాటిపోయి ఉంటాయి. వాటి సద్ది సగం ఖర్చయి ఉంటుంది. ఒకే పెట్టెలోవి ఒకేలా బతకకపోవడానికి ఇదొక కారణం.

పెట్టె విషయంలోనూ కాలాన్ని బట్టి మార్పు ఉంటుంది. మామూలుగా నాలుగు గదుల అట్టపెట్టెలో గదికి 25 చొప్పున వంద పిల్లలు పడతాయి. ఎండాకాలం గదికి 20 వేసి, 80తోనే పంపడం పద్ధతి. పిల్లల ఒంటి వేడే ఆ పెట్టెకు హీటర్. చలికాలంలో అది మేలు చేస్తుంది, మే నెలలో అదే చంపుతుంది. నల్లగొండలో ఎండ 44, 45 డిగ్రీలకు పోయే రోజుల్లో, గాలి ఆడని బస్సు డిక్కీలో పెట్టె మీద పెట్టె పేర్చి పంపితే పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లో నీరంతా పోగొట్టుకుంటాయి. అలా వచ్చినవాటి కాళ్లు సన్నగా, ఎండిపోయినట్టు, చర్మం మీద నరాలు తేలినట్టు కనబడతాయి. పెట్టె విప్పగానే అరుపుల కన్నా ముందు కాళ్లు చూడాలి. ఎండాకాలం తప్పనిసరిగా తెప్పించుకోవాల్సి వస్తే తెల్లవారుజామున చేరేలా చూసుకోవాలి. మధ్యాహ్నం రెండు గంటలకు బస్టాండులో దిగే పార్సిల్ కన్నా ఇంకో నెల ఆగడం నయం.

పిల్లలు వచ్చాక చోటు సిద్ధం చేయడం అందరూ చేసే పని. కాస్త ముందుగా చేయాల్సిన పని అదే. పిల్లలు దిగేసరికి నేల వేడెక్కి ఉండాలి, నీళ్లు గది వేడికి వచ్చి ఉండాలి. అందుకు కనీసం సగం రోజు ముందు బల్బులు వెలిగించాలి. ఊకకు పైన వెచ్చగా ఉండి కింద గచ్చు చల్లగా ఉంటే ఆ చలి కాళ్ల నుంచే ఎక్కుతుంది. ఒకరోజు పిల్లకు తన ఒంటి వేడిని తాను కాపాడుకునే శక్తి లేదు. చలి పట్టిన పిల్ల మేత దగ్గరికి పోదు, నీళ్ల దగ్గరికి పోదు. వెచ్చదనం కోసం గుంపులోకి దూరడమే దాని పని. ఆ రాత్రి అది చావకపోవచ్చు. తినడం నేర్చుకోవాల్సిన రోజు మాత్రం పోయింది, దాని ఫలితం నాలుగో రోజు వస్తుంది.

వేడి లెక్క పుస్తకాల్లో సులువుగానే ఉంటుంది: మొదటి వారం 35 డిగ్రీలు, ఆ తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. వంద పిల్లలకు ఆరడుగుల వ్యాసంలో అడుగున్నర ఎత్తు రేకునో అట్టనో గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో బల్బులు వేలాడదీస్తారు. గుండ్రంగానే ఎందుకంటే మూలలుంటే పిల్లలు అక్కడ గుమిగూడి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. చలికాలంలో పిల్లకు రెండు వాట్ల లెక్కన వంద పిల్లలకు వంద వాట్ల బల్బులు రెండు కావాలి. అవి పాత రకం ఫిలమెంట్ బల్బులై ఉండాలి. ఇప్పుడు కిరాణా కొట్టులో బల్బు అంటే ఎల్‌ఈడీయే ఇస్తున్నారు. దానికి వెలుతురే తప్ప వేడి ఉండదు. బల్బు వెలుగుతోంది కదా అని నిశ్చింతగా పడుకుని పొద్దున కుప్పగా పడి ఉన్న పిల్లలను చూసేది ఇలాగే. ఫిలమెంట్ బల్బు దొరక్కపోతే 250 వాట్ల ఇన్‌ఫ్రారెడ్ బల్బు కొనడం మేలు. దాన్ని వైరుతో కాక గొలుసుతో కట్టాలి. ఊక మీద పడితే నిమిషాల్లో అంటుకుంటుంది.

దక్షిణ తెలంగాణలో మాత్రం ఈ పట్టికను ఉన్నదున్నట్టు పాటించడం కుదరదు. మార్చి చివర రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం బయటి వేడే పట్టికలోని వేడిని దాటిపోతుంది. అప్పుడు బల్బు వేసి ఉంచితే పిల్లలు రెక్కలు విప్పి, నోళ్లు తెరిచి అంచులకు అతుక్కుపోతాయి. అదే షెడ్డులో తెల్లవారుజామున మూడు గంటలకు చలి కొడుతుంది. డిసెంబరులోనైతే పాలమూరు పల్లెల్లో రాత్రిపూట 15 డిగ్రీల దగ్గరికి వస్తుంది. ఒక్క రోజులోనే ఆర్పడం, వెలిగించడం రెండూ చేయాలి. ఇందుకు థర్మామీటర్ కన్నా పిల్లలే మంచి సూచిక. బల్బు కింద ఒక్కచోట కుప్పగా చేరి పెద్దగా, ఆపకుండా అరుస్తుంటే చలి. బల్బుకు దూరంగా అంచుల్లో రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కకు జరిగితే రెండో పక్క నుంచి గాలి కొడుతోందని. వలయమంతా చెదురుగా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కాళ్లు చాపి పడుకుని, సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి పది గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి లేచి చూస్తే ఏ పట్టికా అక్కర్లేదు.

కరెంటు పోతే ఏం చేయాలన్నది ముందే ఆలోచించుకోవాలి. కుండలో నిప్పులు వేసి పైన బూడిద కప్పి మధ్యలో పెట్టడం పాత అలవాటు. వేడి బాగానే ఇస్తుంది కానీ తలుపులు మూసిన గదిలో బొగ్గు పొగ పిల్లలకూ కాపలా ఉన్న మనిషికీ ప్రమాదమే. వేడి నీళ్లు పోసిన సీసాలకు గోనెపట్టా చుట్టి పిల్లల మధ్య పెట్టడం తక్కువ ఖర్చుతో పోయే పని. రెండు మూడు గంటలు నెట్టుకురావచ్చు.

పెట్టె విప్పాక ముందు నీళ్లు, ఆ తరువాతే మేత. ఎండిపోయి వచ్చిన పిల్ల పొడి దాణా తింటే పేగులో ఇరుక్కుంటుంది. లీటరు నీటికి 50 గ్రాముల బెల్లమో గ్లూకోజో కలిపి, గోరువెచ్చగా పెట్టాలి. కొందరు వారం రోజులు బెల్లం నీళ్లే పెడతారు. అది తప్పు. మొదటి పూటకు మించితే రెట్ట జారుడుగా అవుతుంది, డ్రింకర్ చుట్టూ జిగటగా తయారై చీమలు పడతాయి. చీమలు చిన్న విషయం కాదు, రాత్రికి రాత్రి నీరసపు పిల్లల కళ్లు తినేస్తాయి.

తల్లికోడి ఉంటే ముక్కుతో పొడిచి ‘ఇదిగో ఇదీ’ అని చూపిస్తుంది, పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటాయి. పార్సిల్ పిల్లకు ఆ చూపించేవాళ్లు లేరు. అందుకే పెట్టెలోంచి ఒక్కో పిల్లను తీసి, బొటనవేలు చూపుడువేలు మధ్య తలను మెల్లగా వంచి, ముక్కు కొసను నీళ్లలో ముంచి వదలాలి. ముక్కు రంధ్రాలు మునగకూడదు. తడి తగలగానే పిల్ల తల పైకెత్తి గుటక వేస్తుంది. ఆ గుటక పడితే దానికి నీళ్లంటే ఏమిటో తెలిసినట్టే. వందకు వంద ఇలా చేయడానికి అరగంట పట్టదు. వందలో ఇరవై ముప్ఫై నేర్చుకుంటే మిగతావి వాటిని చూసి నేర్చుకుంటాయనే మాట కొంతవరకు నిజమే. కానీ మిగిలిపోయేవి దారిలో బాగా నలిగినవే, అంటే నాలుగో రోజు పోయేవే. పైగా ఒక్కో పిల్ల చేతిలోకి వచ్చినప్పుడే కుంటిది, బొడ్డు సరిగా మూసుకోనిది, ముడ్డికి రెట్ట అట్టగట్టింది దొరుకుతుంది.

ఈ అట్టగట్టడం చూడ్డానికి చిన్నదే. దారిలో చలి తగిలినా వేడి తగిలినా రెట్ట జిగటగా వచ్చి వెనక నూగుకు అంటుకుని గట్టిపడుతుంది. దారి మూసుకుపోయి రెండు రోజుల్లో పిల్ల పోతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో నానబెట్టి తీయాలి. పీకితే చర్మం ఊడొస్తుంది. బొడ్డు దగ్గర కనబడే ఎండిన పొరను రెట్ట అనుకుని లాగేవాళ్లు ఉంటారు. బొడ్డు కడుపు మీద ఉంటుంది, రెట్ట పడే చోటు తోక కింద. ఆ తేడా తెలియక చేసే శుభ్రంతో బొడ్డుకు చీము పడుతుంది.

నీళ్లు తాగిన రెండు మూడు గంటలకు మేత. మొదటి రోజు ఫీడర్లలో పెట్టడం దండగ, పిల్ల కాళ్ల కింద కనబడిందే పొడుస్తుంది. ఊక మీద కాగితం పరిచి, దాని మీద సన్నటి మక్క రవ్వనో నూకలనో చల్లితే పరుగెత్తేటప్పుడు వచ్చే చప్పుడుకు, మెరిసే గింజకు ఆకర్షణ పుట్టి పొడుస్తాయి. కాగితం లేకుండా వదిలితే ఊకనే మేత అనుకుని మింగుతాయి. రంపపు పొట్టైతే మరీ ఎక్కువ. నున్నటి పేపరు మీద కాళ్లు జారి రెండు పక్కలకూ చాపుకుపోయే ప్రమాదముంది కాబట్టి గరుకు కాగితమో గోనెపట్టానో వేయడం మంచిది. కాళ్లు చాపుకుపోయిన పిల్లకు రెండు కాళ్లనూ సన్నటి టేపుతో, సహజంగా నిలబడేంత ఎడం ఉంచి, రెండు రోజులు కట్టి ఉంచితే ఎక్కువగా సర్దుకుంటుంది. కాగితం మూడో రోజుకు తీసేయాలి.

తిన్నాయో లేదో కంటితో తెలియదు, వేలితో తెలుస్తుంది. పిల్ల మెడ కింద, రొమ్ముకు పైన, మేత నిలిచే తిత్తి ఉంటుంది. మొదటి రోజు రాత్రి లైట్లు వెలుగుతుండగానే అక్కడక్కడి నుంచి ఒక ఇరవై పిల్లలను పట్టుకుని ఆ చోటును తడమాలి. మెత్తగా, నానిన అటుకుల్లా తగిలితే మేతా నీళ్లూ రెండూ అందాయి. గట్టిగా గింజగింజగా ఉంటే తిన్నది కానీ నీళ్లు దొరకలేదు. నీళ్లతో ఊగుతుంటే తాగింది కానీ తినలేదు. ఏమీ తగలకపోతే ఆ పిల్లను పక్కన పెట్టి మళ్లీ ముక్కు ముంచాలి, మేత చూపాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఆ రోజు చేస్తే నాలుగో రోజు ఎన్ని పోతాయో దాదాపు ముందే తెలిసిపోతుంది, ఆపడానికి టైమూ ఉంటుంది. ఇంత పనికొచ్చే పరీక్షను చిన్న రైతులకు ఎవరూ చెప్పకపోవడం, మందుల పేర్లు మాత్రం అందరూ చెప్పడం విచిత్రమే.

నూకలు ఒక్క రోజుకే. ఆ తరువాత స్టార్టర్ దాణా ఉండాలి. ఇంట్లో నూకలు, తవుడు ఉన్నాయి కదా అని వాటి మీదే మూడు వారాలు సాకితే పిల్ల బతుకుతుంది కానీ ఈకలు పట్టవు, కాళ్లు బలపడవు, టీకాలు వేసినా ఒంట పట్టవు. బియ్యపు నూకల్లో మాంసకృత్తులు వందకు ఎనిమిది పాళ్ల దగ్గరే. పిల్లకు కావాల్సింది ఇరవై. పక్క ఫారంలో మిగిలిన లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్ల దాణా, చవకగా వస్తే తెచ్చి పెట్టడం ఇంకో పొరపాటు. గుడ్డు పెంకు కోసం అందులో వేసే అంత సున్నాన్ని కోడిపిల్లల కిడ్నీలు మోయలేవు.

చావు ఏ రోజు వచ్చిందన్నదే చాలా చెబుతుంది. మొదటి ఒకటి రెండు రోజుల్లో పోయినవి ప్రయాణంలో, చలిలో, నలిగి పోయినవి. మూడు నుంచి ఐదు రోజుల మధ్య పోయినవి ఎక్కువగా తినడం నేర్చుకోనివి, లేదా బొడ్డు కుళ్లినవి. కడుపు ఉబ్బి, బొడ్డు నల్లగా తడిగా ఉండి వాసన వస్తే అది బొడ్డు జబ్బు, హ్యాచరీ శుభ్రతను అనుమానించాల్సిన విషయం. తెల్లటి సున్నం లాంటి రెట్టతో మొదటి వారమంతా, రెండో వారంలోనూ పోతూనే ఉంటే తెల్లపారుడు కావచ్చు. అది తల్లి కోళ్ల నుంచి గుడ్డు ద్వారా వస్తుంది, అప్పుడు హ్యాచరీని నిలదీయాల్సిందే. మూడో వారం దాటాక రెట్టలో నెత్తురు కనబడితే అది కాక్సిడియా అనే పేగుల జబ్బు, తడి ఊక పుణ్యం. ఈ రోజులూ చావులూ ఒక నోటుబుక్కులో రాసుకుంటే పశువుల దవాఖానలో డాక్టరుకు సగం పని తగ్గుతుంది. చచ్చిన పిల్లను పారేయకుండా సంచిలో వేసి తీసుకుపోతే మిగతా సగం కూడా.

పరుపు సంగతికి వస్తే మిర్యాలగూడ వైపు మిల్లుల ఊకకు సాటి లేదు. రెండంగుళాల మందం చాలు. గుప్పెట్లో పట్టి పిసికి వదిలితే ముద్ద కట్టకూడదు. పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు వేరుశనగ పంట ఎక్కువ కాబట్టి శనక్కాయ పొట్టు ఊరికే దొరుకుతుంది, అది పరిచేవాళ్లూ ఉన్నారు. ఎండినదైతే ఫర్వాలేదు. వానకు తడిసి బూజు వాసన వేసేది పరిస్తే ఆ బూజు గాలితో ఊపిరితిత్తుల్లోకి పోయి పిల్లలు నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూ చస్తాయి. దానికి మందు లేదు. బూజు మేతలోకి వస్తే మరీ కష్టం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతకగా బూజు పట్టిన వేరుశనగ పిండిలో అఫ్లాటాక్సిన్ అనే విషం బయటపడింది. ఆ విషానికి ఆ తరువాతే పేరు వచ్చింది. జడ్చర్ల మార్కెట్లో తడిసిన మక్కలు చవకగా దొరికాయని తెచ్చి మర పట్టించే ముందు ఇది గుర్తుంటే మంచిది.

నల్లగొండ అనగానే నీళ్ల టెన్షన్ వస్తుంది. మనుషుల ఎముకలను వంచిన ఫ్లోరైడ్ నీళ్లు కోడిపిల్లలకు పోయొచ్చా అన్న ప్రశ్న సహజమే. ఫ్లోరైడ్‌ను కోళ్లు పశువుల కన్నా ఎక్కువగానే తట్టుకుంటాయి. తక్కువ కాలమే బతికే పెరటి కోడికి అది ప్రధాన సమస్య కాదు. బోరు నీటి ఉప్పదనం, ట్యాంకులోని పాచి అంతకన్నా ముందు దెబ్బతీస్తాయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగించడం మంచిదే, అందులో ఒక్క మెలిక ఉంది: క్లోరిన్. నీళ్లలో కలిపి తాగించే టీకా అయితే ఆ క్లోరిన్ టీకాలోని బతికున్న క్రిమిని చంపేస్తుంది. టీకా వేశామన్న తృప్తి మిగులుతుంది, కోడికి రక్షణ మిగలదు. కంట్లో చుక్క వేసే పద్ధతిలో ఈ గొడవ లేదు.

ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కొక్కెర తెగులుకు కంట్లోనో ముక్కులోనో చుక్క, రెండో వారంలో గంబోరో జబ్బుకు, నాలుగో వారంలో మళ్లీ కొక్కెరకే లాసోటా టీకా, ఎనిమిదో వారంలో రెక్క కింద అదే తెగులుకు ఆర్‌2బి సూది అన్నది మామూలు క్రమం. చిన్న రైతుకు అసలు ఇబ్బంది టీకా సీసాతో. సీసా వంద డోసులదో అంతకన్నా పెద్దదో ఉంటుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఇరవై పిల్లలున్న ఇంటికి సీసా కొంటే ఎనభై డోసులు మట్టిలో పోయాలి. అందుకే చాలామంది అసలు వేయించరు. ఆ ఊరికి కొక్కెర వచ్చినప్పుడు ఇరవై పిల్లలూ మూడు రోజుల్లో ఖాళీ. వాడలో నాలుగైదు ఇళ్లు కలిసి ఒకే వారం పిల్లలను దించుకుంటే ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. షాపు నుంచి ఇంటిదాకా ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో తేవాలి. చొక్కా జేబులో తెచ్చిన టీకా ఉప్పునీటితో సమానం.

యాంటీబయోటిక్ పొడుల గురించి ఒక మాట. మొదటి రోజు నుంచే ‘ముందు జాగ్రత్తగా’ ఇవ్వడం అలవాటైపోయింది. ఆకలితో చచ్చే పిల్లకు, చలితో చచ్చే పిల్లకు అది చేసే మేలు శూన్యం. మనుషులకు చివరి ఆసరాగా దాచుకున్న కొలిస్టిన్ అనే మందును కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించాల్సి వచ్చిందంటే ఈ అలవాటు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. డాక్టరు చూసి రాసిస్తే వాడాలి. ఊరికి పశువైద్యం బండి రావాలంటే 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

ఇంత గోల లేకుండా పిల్లలను సాకే దారి ఒకటి ఊళ్లలో ఇంకా ఉంది. పొదగడానికి కూర్చున్న నాటుకోడి ఇంట్లో ఉంటే, పార్సిల్ వచ్చిన రాత్రి చీకట్లో దాని కింది గుడ్లు తీసేసి పది, పన్నెండు పిల్లలను రెక్కల కిందికి తోస్తారు. పొద్దున లేచేసరికి అది వాటిని తనవే అనుకుంటుంది. పగటి పూట తెచ్చి పెడితే పొడిచి చంపే కోళ్లూ ఉంటాయి. రెండు మూడు రోజులకు మించి వయసున్న పిల్లలైతే అవే ఆ కోడిని తల్లిగా ఒప్పుకోవు. హ్యాచరీ పెట్టలు పెద్దయ్యాక ఈ పనికి రావు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటి రకాల్లో పొదుగు గుణం దాదాపు లేకుండా చేశారు. పొదిగే కోడి ఆ రోజుల్లో గుడ్డు పెట్టదు కాబట్టి అది లాభమే. మళ్లీ పిల్లలు కావాలంటే మాత్రం మళ్లీ పెట్టె తెప్పించుకోవాల్సిందే. ఇంట్లో ఒకటి రెండు నాటు పెట్టలను ఉంచుకోవడం అందుకే తెలివైన పని.

కొనేచోట మోసాలు కూడా చెప్పుకోవాలి. లేయర్ హ్యాచరీలకు మగపిల్లలతో పనిలేదు. వాటికే గులాబీ, ఆకుపచ్చ రంగులు పులిమి అంగట్లో చిన్నపిల్లల చేతికి అమ్మేది. రంగు లేకుండా అవే ‘నాటు పిల్లలు’ అన్న పేరుతో ఫోన్లో బేరం కుదిరి పార్సిల్‌లో వస్తుంటాయి. ఆరు నెలలు మేపినా గుడ్డు రాదు, తూకమూ రాదు. ఒకరోజు వయసులో వాటిని గుర్తుపట్టడం మామూలు కంటికి సాధ్యం కాదు కాబట్టి ఊరూపేరూ లేని నంబరుకు డబ్బు పంపే బదులు బిల్లు, టీకా వివరం రాసిచ్చే చోటే కొనడం ఒక్కటే మార్గం. పాలెం, కంపాసాగర్, గడ్డిపల్లి, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే ఏ రకం పిల్లలు ఎక్కడ దొరుకుతాయో చెబుతారు. పక్క రాష్ట్రం నుంచి తెప్పించేటప్పుడు సరిహద్దు సంగతీ కనుక్కోవాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు తెలంగాణ చెక్‌పోస్టుల్లో కోళ్ల బండ్లను వెనక్కి తిప్పారు.

నాలుగో వారానికి ఈకలు పట్టి, బల్బు లేకపోయినా పిల్లలు చెదురుగా పడుకుంటాయి. అది చూసి వెంటనే పెరట్లోకి వదిలేయాలనిపిస్తుంది. హ్యాచరీ పిల్లకు గద్ద నీడ పడితే చెట్టు కిందికి దూరాలని నేర్పిన తల్లి లేదు. వనరాజా రకాన్నైతే ఆరు వారాలు లోపలే సాకమని పరిశోధన సంస్థ వాళ్లే చెబుతారు. ఆరో వారం నుంచి సాయంత్రం ఒక గంట, అదీ మేత వేయడానికి కొద్ది ముందు వదిలితే ఆకలికి అవే తిరిగి గూటికి వస్తాయి. ఊళ్లోని పెద్ద కోళ్లతో కలపడం మాత్రం ఆర్‌2బి సూది పడ్డాక ఇంకో రెండు వారాలు ఆగి చేయాలి.